మొదటి బంతి ఎవరిది? లూకా 14 ప్రకారం సంఘంలో ప్రేమవిందు జరిపే పద్ధతి

గోదావరి జిల్లాల్లో ఎవరి విలువ ఎంతో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఏదో ఒక పెళ్ళి భోజనాల దగ్గర కాసేపు నిలబడితే చాలు. మొదటి బంతిలో ఎవరు కూర్చున్నారు, "కాస్త ఆగండి, తర్వాత బంతిలో చూద్దాం" అని ఎవరితో అన్నారు, వంటపాక వెనక ఎవరికి ఆకు వేశారు, అంతా అయ్యాక ఎంగిలాకులు ఎవరు తీశారు, ఇవి చూస్తే ఊరి లెక్క మొత్తం తెలిసిపోతుంది.

యేసుప్రభువు కూడా ఒక భోజనం దగ్గర ఇదే చూశారు. లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. విశ్రాంతి దినాన పరిసయ్యుల అధికారి ఒకరి ఇంట్లో భోజనం. వచ్చినవాళ్ళు అగ్రపీఠాలు ఏరుకుంటున్నారు. ఆయన అక్కడ రెండు మాటలు చెప్పారు. మొదటిది వచ్చినవాళ్ళకి: పోయి కడపటి చోటున కూర్చోండి. రెండోది పిలిచినాయనకి: విందు చేస్తే స్నేహితుల్నీ, అన్నదమ్ముల్నీ, చుట్టాల్నీ, డబ్బున్న ఇరుగుపొరుగునీ పిలవకండి, బీదల్ని, అంగహీనుల్ని, కుంటివాళ్ళని, గుడ్డివాళ్ళని పిలవండి. వాళ్ళు నిన్ను తిరిగి పిలవలేరు, అందుకే పిలవమన్నారు.

మన ప్రసంగాల్లో మొదటి మాటే ఎక్కువగా వినపడుతుంది. రెండోది చేతికీ, జేబుకీ పని చెబుతుంది కాబట్టి కాస్త వెనకబడింది. ఆ మొదటి మాటని కూడా మనవాళ్ళు తెలివిగానే వాడేసుకున్నారు. ప్రతి సంఘంలోనూ ఒక పెద్దాయన ఉంటారు. కావాలనే చివరి బెంచీలో కూర్చుంటారు. "అన్నా, ముందుకి రండి" అని మైకులో పిలిచేదాకా కదలరు. పిలిచాక రెండుసార్లు వద్దంటారు, మూడోసారి లేచి అందరికీ వందనాలు చెప్పుకుంటూ వస్తారు. ఆయనకి కడపటి చోటు ముందు సీటుకి అడ్డదారి.

ఆ రెండు మాటల్నీ సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో ఎలా ఆచరణలో పెట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. క్రిస్మస్‌కైనా, సంఘ వార్షికోత్సవానికైనా, కోత పండుగకైనా పనికొస్తుంది. సుమారు 200 మంది తినే పల్లెటూరి సంఘాన్ని మనసులో పెట్టుకున్నాను. పట్నం సంఘాలు తమకి తగ్గట్టు మార్చుకోవచ్చు.

1. ముందు కమిటీ కూర్చుని చదవాలి

విందుకి నెల ముందు పెద్దలు, స్త్రీల సమాజం, యవ్వనస్థుల తరఫున ఇద్దరు ముగ్గురు ఒక సాయంత్రం కూర్చోండి. నాలుగు భాగాలు ఈ వరసలో చదవండి: లూకా 14:1-24, 1 కొరింథీయులకు 11:17-34, యాకోబు 2:1-9, లూకా 1:46-55. గబగబా చదివేయకుండా ఒక్కోదాని తర్వాత ఆగి, "మన ఊళ్ళో ఇది ఎక్కడ జరుగుతోంది?" అని అడగండి. జవాబు రావడానికి టైం పడుతుంది. పట్టనివ్వండి.

కొరింథు భాగం దగ్గర ఎక్కువసేపు ఉండాలి. ఆ రోజుల్లో సంఘం ఇళ్ళల్లో కూడుకునేది. రోమా తరహా ఇంట్లో భోజనశాలలో తొమ్మిది మంది దాకా ఒరిగి తినడానికి చోటుండేది. విందుల్లో హోదాని బట్టి చోటు, హోదాని బట్టి తిండి. రోమా రచయిత ప్లినీ తన ఉత్తరం ఒకదాంట్లో ఇలాంటి ఇంటాయన సంగతే రాశాడు. ఆయన ద్రాక్షారసం మూడు రకాలుగా పోయించాడట: తనకీ దగ్గరివాళ్ళకీ ఒకటి, అంతకన్నా తక్కువ స్నేహితులకి ఒకటి, దాస్యం నుంచి విడుదలైనవాళ్ళకి ఇంకొకటి. ఈ అలవాటే కొరింథులో ప్రభువు బల్ల దగ్గరికీ వచ్చేసింది. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడని పౌలు రాశాడు, లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని గట్టిగా అడిగాడు. చివరికి ఆయన చెప్పిన పరిష్కారం మాత్రం చాలా మామూలుది: తినడానికి కూడుకున్నప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి. ఎంత పెద్ద వేదాంతమైనా భోజనాల దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారన్న ప్రశ్నే మిగులుతుంది.

చివర చదివేది యేసు తల్లి మరియ పాడిన పాట. బలవంతులు సింహాసనాల మీంచి దిగుతారు, దీనులు పైకెక్కుతారు, ఆకలిగొన్నవాళ్ళకి మంచి పదార్థాలు దొరుకుతాయి, ధనవంతులు వట్టిచేతులతో వెళతారు. ఇక్కడ ఒక సంగతి కమిటీలో అందరికీ అర్థం కావాలి. కదలిక రెండు వైపులా ఉంది. పైనున్నవాళ్ళు దిగాలి, కిందున్నవాళ్ళు ఎక్కాలి. తరతరాలుగా కిందే కూర్చోబెట్టిన మనిషి ముందు నిలబడి "తగ్గించుకో తమ్ముడూ" అని చెబితే అది కామందు మాటే అవుతుంది, వాక్యం పేరు మాత్రం అడ్డం పెట్టుకున్నట్టు. మొగుడు చేతిలో దెబ్బలు తింటున్న అమ్మాయికి "తగ్గించుకుని కాపురం చేసుకోమ్మా" అని చెప్పే పెద్దలు కూడా ఈ భాగాన్ని మళ్ళీ చదవాలి. ఫిలిప్పీయులకు 2లో తన్ను తాను తగ్గించుకున్నది దేవుని స్వరూపంలో ఉన్న క్రీస్తు. పైనున్నవాడు తనంతట తాను దిగాడు. ఎవరో తోస్తే దిగలేదు.

2. కూలి బాకీలు

వంట సామాన్ల చీటీ రాయకముందే ఈ పని అవ్వాలి. "మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని యాకోబు పత్రిక 5:4లో ఉంది. వరి కోసే ఊళ్ళో ఈ వచనానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒకే సంఘంలో నాలుగెకరాల రైతు ఉంటాడు, కౌలుకి చేసేవాడు ఉంటాడు, వాళ్ళ చేలో కోత కోసిన ఆడవాళ్ళూ ఉంటారు. ధాన్యం డబ్బులు పడ్డాక ఇస్తానులే అని కోత కూలి ఆపినవాళ్ళు, రొయ్య రేటు పడిపోయిందని చెరువు కాపలావాడి జీతం ఆపినవాళ్ళు ముందు ఆ లెక్క తేల్చాలి.

పాస్టర్‌గారు ఆదివారం ఎవరి పేరూ ఎత్తకుండా ఒకసారి చెప్పాలి. తర్వాత పెద్దల్లో ఒకరు విడిగా వెళ్ళి మాట్లాడాలి. నిజంగా చేతిలో లేక ఆగినవాళ్ళుంటే, ముఖ్యంగా కౌలు రైతులు, ఎప్పటికి ఇస్తారో కూలివాళ్ళ ముందే ఒప్పుకుంటే చాలు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం సూర్యుడు అస్తమించకముందే కూలి ఇచ్చెయ్యమంటుంది. సుంకరి జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మనం అసలు మాత్రమే అడుగుతున్నాం.

బాకీ అలాగే ఉంచి వేటమాంసం ఖర్చు నాదే అని ముందుకొచ్చినవాడి డబ్బు తీసుకోకండి. కమిటీలో దీని మీద గొడవ అవుతుంది. అవ్వనివ్వండి.

3. తేదీ, వేళ

క్రిస్మస్ వచ్చేసరికి సార్వా (ఖరీఫ్) పంట మాసూళ్ళు నడుస్తుంటాయి. ఏప్రిల్‌లో దాళ్వా (రబీ) కోతలు. మధ్యాహ్నం పన్నెండింటికి విందు పెడితే కూలివాళ్ళు ఒక రోజు కూలి వదులుకోవాలి, లేదా చీకటిపడ్డాక వచ్చి అడుగంటిన అన్నం తినాలి. కొరింథు గొడవ మన పాకలోకి వచ్చినట్టే. తేదీ వేసే ముందు రొయ్యల ప్లాంటుకి వెళ్ళే ఆడవాళ్ళని వ్యాను ఎన్నింటికి దింపుతుందో అడగండి. మామూలుగా రాత్రి 7 గంటలు చాలామందికి కుదురుతుంది. చెరువు కాపలావాళ్ళు రాత్రిపూట గట్టు వదిలి రాలేరు. వాళ్ళకి క్యారేజీలు వెళ్ళాలి. ఆ క్యారేజీలు మొదటి బంతి వడ్డించేటప్పుడే నింపండి. మిగిలినదాంట్లోంచి పంపితే పంపనట్టే.

4. పిలుపు

మన దగ్గర పిలుపు సరిగ్గా లేకపోతే ఎంత దగ్గరవాళ్ళైనా గడప దాటరు. "వీధిలోంచి కేకేసి చెప్పారండి, అదేం పిలుపండి" అని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళి పిలుస్తున్నారన్నది ఈ విందులో సగం పని.

పద్ధతి ఇది. ఊళ్ళో మాట చెల్లే పెద్దలు, పాస్టర్‌గారు, టీచర్‌గారు, వీళ్ళంతా అందరికన్నా బీద ఇళ్ళకి వెళ్ళాలి. లోపలికి వెళ్ళి కూర్చుని, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి, పేరుపెట్టి పిలవాలి. ఉన్నవాళ్ళ ఇళ్ళకి పిల్లలు వెళ్ళి చెబితే సరిపోతుంది. ఉన్నవాళ్ళు నొచ్చుకుంటారేమో అని టెన్షన్ పడకండి. నొచ్చుకున్నవాళ్ళకి లూకా 14 చదివి వినిపించే అవకాశం దొరికింది అనుకోండి.

జాబితాలో మొదటి పేరు ఏది? ఇక్కడ కాస్త పాత సంగతి చెప్పాలి. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురం వైపు పని మొదలుపెట్టాయి. తర్వాత రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు వచ్చారు. డెల్టాలో సంఘాల్లో చేరినవాళ్ళు ఎక్కువమంది దళిత పేటలవాళ్ళే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల కింద పంటలు పండుతుంటే, ఆ పొలాల్లో ఊడ్చిందీ కోసిందీ ఎక్కువగా ఈ పేటల మనుషులే. ఊరు దూరం పెట్టిన మనుషులకి దేవుడు దగ్గరివాడయ్యాడు. అంతవరకు గొప్ప సంగతే. కానీ చాలా ఊళ్ళలో ఇప్పటికీ మాల పేటలో ఒక గుడి, మాదిగ పేటలో ఒక గుడి. ఇద్దరూ పాడేది ఒకే పాటలు, చదివేది ఒకే బైబిలు, తినేది మాత్రం వేర్వేరు ఆకుల్లో. పైకులంవాడు మనల్ని చూసినట్టు మనం పక్క పేటని చూస్తున్నామా అన్న ప్రశ్న కమిటీలో ఎవరో ఒకరు లేవనెత్తాలి. కాబట్టి మొదటి పిలుపు పక్క పేటకి. అక్కడి పాస్టర్‌గారికి చెప్పి ఊరుకుంటే కుదరదు, ఇంటింటికీ వెళ్ళాలి.

తర్వాత కాలవ గట్టున గుడిసెలు వేసుకున్నవాళ్ళు. లూకా 14లోనే ఉన్న గొప్ప విందు ఉపమానంలో యజమాని తన దాసుణ్ణి రాజమార్గాలకీ కంచెల దగ్గరికీ పంపించాడు. మనకి ఆ కంచెలు ఈ గట్లే. కువైట్, దుబాయ్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళ ముసలి తల్లిదండ్రులు, మంచం పట్టినవాళ్ళు, పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు, గుడికి రావడం మానేసినవాళ్ళు, వీళ్ళ పేర్లన్నీ రాసుకోండి. నడవలేనివాళ్ళకి ఆటో మాట్లాడి ఉంచాలి. ఆటో వాడికి డబ్బులు ముందే ఇచ్చేయండి, ఎక్కినవాళ్ళు చేతిసంచి తడుముకునే పరిస్థితి రాకూడదు.

సర్పంచ్‌గారినీ, ఎమ్మెల్యేగారినీ పిలవాలా? పిలవచ్చు. అందరితో పాటు వచ్చి, అందరితో పాటు కూర్చుని తింటామంటే రమ్మనండి. శాలువా లేదు, సన్మానం లేదు, మైకు ఇవ్వం అని ముందే చెప్పేస్తే ఎవరు నిజంగా వస్తారో తేలిపోతుంది.

5. డబ్బు

మూత ఉన్న ఒకే పెట్టె. ఎవరు ఎంత వేశారో రాయరు, చదవరు. ఖర్చు లెక్క మాత్రం పైసా వదలకుండా చదవాలి. పెట్టె ముగ్గురు కలిసి తెరవాలి, ఆ ముగ్గురిలో ఒకరు స్త్రీల సమాజం నుంచి ఉండాలి.

మన గుళ్ళలో ఫ్యాను రెక్క మీద కూడా పేరుంటుంది. తిరిగేటప్పుడు కనపడదు, కరెంటు పోయినప్పుడు అందరూ తలెత్తి చదువుతారు. కోత పండుగలో వేలంపాట దగ్గర ఒక గుమ్మడికాయ కోసం ఇద్దరు పంతానికి పోయి వేలల్లో పాడతారు. ఆ డబ్బు సంఘానికే వస్తుంది, నిజమే. కానీ రెండు కాసులు వేసిన విధవరాలు అందరికన్నా ఎక్కువ వేసిందన్న యేసుప్రభువు మాట ఆ పాట చప్పుడులో ఎవరికి వినపడుతుంది? వేలంపాట మానెయ్యమని నేను అనను, ఊళ్ళో సరదా అది. పాడినవాడి పేరు రాతలోకి ఎక్కకుండా చూస్తే చాలు.

6. వేదిక, కుర్చీలు

వేదిక వద్దు. పాటలు పాడేవాళ్ళు, వాక్యం చెప్పేవాళ్ళు నేల మీదే నిలబడితే 200 మందికి ఒక మైకు సరిపోతుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, బీదవాణ్ణి నా పాదపీఠం దిగువన కూర్చో అంటే మీరు మనుషుల్లో తేడాలు చూసి చెడ్డ తీర్పు తీర్చినట్టేనని యాకోబు రాశాడు. సోఫా తెచ్చి ముందు వరసలో వేసే ప్రతివాడూ ఆ వచనం మీదే వేస్తున్నాడు.

అలాగని "తగ్గింపు కోసం అందరం కింద కూర్చుందాం" అనే ఆలోచన కూడా వస్తుంది. బాగానే వినపడుతుంది కానీ నాకు నచ్చదు. ఎప్పుడూ కుర్చీలో కూర్చునేవాడికి ఒక రాత్రి చాప మీద కూర్చోవడం సరదా. ఎప్పుడూ నేల మీదే కూర్చున్న మనిషికి కుర్చీ దొరకడమే సువార్త. కాబట్టి అందరికీ కుర్చీలు, అందరికీ బల్లలు.

కుర్చీ వేసినంత మాత్రాన కూర్చుంటారనుకోకండి. ఇలాంటి ఒక విందులో ఊడ్పుల్లో నడుం వంగిపోయిన ముసలావిడకి ఒక కుర్రాడు కుర్చీ లాగాడు.

"కూర్చో మామ్మా."

"నాకెందుకు బాబూ, కింద బాగుంటాది."

"మోకాళ్ళు నొప్పులన్నావు కదా."

"నొప్పులుంటే ఉన్నాయిలే. అల్లదిగో, చినబాబుగారొచ్చారు. ఆయనుండగా ఎలా కూర్చుంటాను?"

చినబాబుగారంటే ఆవిడ యాభై ఏళ్ళు ఊడ్చిన పొలం వాళ్ళబ్బాయి. మంచివాడే. సంగతి కనిపెట్టి వచ్చి తను చాప మీద కూర్చోబోయాడు. మామ్మ ఇంకా బెదిరిపోయి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. చివరికి స్త్రీల సమాజం నుంచి ఆవిడ ఈడు వాళ్ళే ఇద్దరు వచ్చి, "రావే, మనం ముగ్గురం కూర్చుందాం" అని అటొకరు ఇటొకరు కుర్చీల్లో కూర్చుంటే అప్పుడు కూర్చుంది. పైనున్నవాడు దిగితే కిందున్నవాళ్ళు దానంతటదే ఎక్కరు. ఎక్కేటప్పుడు పక్కన తోడుండాలి. అందుకని ప్రతి బల్లకీ అలాంటి ఒకరిద్దర్ని ముందే అనుకుని ఉంచండి.

7. వంట

200 మందికి 30 కేజీల బియ్యం, 40 కేజీల చికెన్ పెట్టుకోండి. పప్పు, సాంబారు, పెరుగు, ఒక తీపి. మీ ఇష్టం. నియమం ఒక్కటే: అందరికీ ఒకే కూర. ఒక బల్లకి వేటమాంసం, ఇంకో బల్లకి కోడికూర అంటే ప్లినీ చెప్పిన ఇంటాయనకి మనం ఏమీ తీసిపోం.

గాడిపొయ్యి దగ్గర రెండు పేటల వాళ్ళూ కలిసి పనిచేయాలి. ఒక పేట వండితే ఇంకో పేట వచ్చి తినడం సగం పనే. ఉల్లిపాయలు కోసేటప్పుడు వచ్చే మాటలు ప్రార్థనలో రావు.

అసలు చిక్కు ఊళ్ళోంచి వచ్చే పైకులాల అతిథుల దగ్గర వస్తుంది. పేటలో ఫంక్షన్‌కి వస్తారు, శుభాకాంక్షలు చెబుతారు, మూత తీయని కూల్‌డ్రింకు తాగి "ఇప్పుడే తినొచ్చామండి" అని వెళ్ళిపోతారు. అది అందరికీ తెలిసిన అబద్ధం. వాళ్ళ కోసం కొందరు విడిగా వంటవాణ్ణి పెట్టిస్తారు, అరటిపళ్ళ గెల తెప్పిస్తారు. అవి రెండూ చేయకండి. ఉన్న భోజనమే మర్యాదగా పెట్టండి, తింటే సంతోషం, తినకపోతే బలవంతం వద్దు, సర్దిచెప్పడమూ వద్దు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యాకోబు దగ్గరినుంచి కొందరు రాగానే జంకి పక్కకి జరిగితే, పౌలు అందరి ముందూ ముఖం మీదే అడిగాడు. గలతీయులకు 2వ అధ్యాయంలో ఉంది. పేతురంతటివాడికే విస్తరి దగ్గర కాలు జారింది.

8. బంతులు, వడ్డన, ఎంగిలాకులు

బఫే పెట్టకండి. బఫేలో బలమున్నవాడు ముందుంటాడు, కర్ర పట్టుకున్న ముసలాయన ప్లేటు పట్టుకుని వరసలో నిలబడతాడు. అరిటాకులు వేసి బంతి భోజనాలే పెట్టండి.

మొదటి బంతి: ముసలివాళ్ళు, అంగవైకల్యం ఉన్నవాళ్ళు, విధవరాళ్ళు, కూలి నుంచి తిన్నగా వచ్చినవాళ్ళు, కాలవ గట్టు కుటుంబాలు, వాళ్ళ పిల్లలు. రెండో బంతి: మిగతా సంఘం, ఊరి అతిథులు. కడబంతి: పాస్టర్‌గారి కుటుంబం, పెద్దలు, డబ్బున్నవాళ్ళు, వంట చేసినవాళ్ళు. కూర అయిపోతే కడబంతికి అయిపోవాలి. పెద్దలు పెరుగన్నం తిని లేస్తే నష్టం ఏమీ లేదు.

బంతుల్ని మైకులో "బీదవాళ్ళంతా ముందు రండి" అని పిలిచారంటే చేసిందంతా గోదాట్లో పోసినట్టే. పిలుపు చెప్పేటప్పుడే "మీరు ఏడింటికల్లా వచ్చేయండి, మీకు ఆకు వేసి ఉంచుతాం" అని చెప్పాలి. మిగతావాళ్ళకి ఎనిమిదింటికి పాటలు, ప్రార్థన అని చెప్పండి. దాంతో ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపకుండానే వరస కుదురుతుంది.

వడ్డించేది పెద్దలు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, ఆ సామెతకి అసలు పరీక్ష ఇక్కడే. మామూలుగా మన చేతులు మొహం చూసి వడ్డిస్తాయి. తెలిసిన మొహం దగ్గర గరిటె అడుగుదాకా వెళ్ళి ముక్కలు పైకి తెస్తుంది, తెలియని మొహం దగ్గర పైన పులుసులోనే తిరిగొస్తుంది. కాబట్టి పెద్దలు తమవాళ్ళున్న వరసలో వడ్డించకూడదు, తెలియని వరస తీసుకోవాలి. మారు వడ్డన అడిగించుకోకుండా వెళ్ళాలి. అలవాటు లేనివాళ్ళు నోరు తెరిచి అడగరు, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేస్తారు. ఒకసారి కొసరండి.

ఇప్పుడు ఆకులు. యేసుప్రభువు కాలంలో అతిథుల కాళ్ళు కడగడం దాసుల పని. అందుకే యోహాను 13లో యేసు తన కాళ్ళు కడగబోతే పేతురు "నా పాదాలు ఎన్నడూ కడగకూడదు" అన్నాడు. మన దగ్గర దానికి సరిసాటి పని ఏదంటే నా లెక్కలో ఎంగిలాకు తీయడమే. పెళ్ళిళ్ళలో ఆ పని ఎవరిచేత చేయించారో మనకి తెలుసు. ఏడాదికోసారి ఆరాధనలో కాళ్ళు కడిగి, విందు రాత్రి మాత్రం ఆకులు పక్కవాడిచేత తీయించే సంఘం యోహాను 13 సగమే చదివింది.

చీటీలు తీయండి. పాస్టర్‌గారు, పెద్దలు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు, ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు, అందరి పేర్లూ డబ్బాలో వేసి బంతికి ఎనిమిది మందిని తీస్తే సరిపోతుంది. మొదటి బంతిలో తిన్నవాళ్ళ పేర్లు ఆ డబ్బాలో వేయకూడదు. వాళ్ళలో కొందరు అలవాటు కొద్దీ లేచి తమ ఆకు తామే తీసేస్తారు, పక్క ఆకు కూడా తీయబోతారు. "ఉంచండమ్మా, ఇది మా వంతు" అని ఆపాలి. ఆకు తమవైపుకి మడిచి లేచాక, రెండు చేతులతో జారకుండా తీసి తట్టలో వేసుకోవాలి, బల్ల తుడవాలి, తట్ట తీసుకెళ్ళి గోతిలో వేయాలి. తట్ట పట్టుకున్నవాడే గోయిదాకా మొయ్యాలి. మధ్యలో ఇంకొకరికి అందించడం మొదలుపెడితే అది ఎవరి చేతిలో ఆగుతుందో మనకి తెలుసు.

9. పాదాలు కడిగే ఆరాధన

ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల వారంలో గురువారం రాత్రి కొన్ని సంఘాలు ఇది జరుపుతాయి. విందుతో కలపనక్కర్లేదు, కానీ కలిపేవాళ్ళ కోసం కొన్ని జాగ్రత్తలు. ఎవరి కాళ్ళు కడుగుతారో వారం ముందే అడగాలి, వద్దంటే వదిలెయ్యాలి. శుభ్రంగా కడుక్కుని సాక్సులు వేసుకొచ్చిన కాళ్ళు ఏరుకోకండి. నాట్లు వేసేవాళ్ళ కాలివేళ్ళ సందులు నీళ్ళలో నాని ఒరిసిపోయి ఉంటాయి, గోళ్ళలో ఒండ్రు ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళు పోయండి, రుద్దకండి, మెత్తటి తువ్వాలుతో ఒత్తండి. షుగర్ పుండ్లున్నవాళ్ళని ముందే కనుక్కుని తడి లేకుండా చూడాలి. స్త్రీలకి స్త్రీలే కడగాలి. కతోలిక సంఘంలో ఈ ఆచారానికి స్త్రీలని కూడా ఎంచుకోవచ్చని 2016లో పోప్ ఫ్రాన్సిస్ నియమం మార్చారు. అంతకుముందు పురుషులకే ఉండేది.

ఒకరి పాదాలు ఒకరు కడగాలన్నారు ప్రభువు. కాబట్టి పాస్టర్‌గారు కడగడంతో ఆగిపోకూడదు, తర్వాత ఆయన కూర్చోవాలి, ఎవరి కాళ్ళు కడిగారో వాళ్ళు ఆయన కాళ్ళు కడగాలి. చాలామందికి కడగడం కన్నా కడిగించుకోవడమే కష్టంగా ఉంటుంది. యేసుని పట్టించబోయే ఇస్కరియోతు యూదా అప్పటికి ఇంకా లేచి వెళ్ళలేదన్న సంగతి ఎవరితో మాటల్లేవో వాళ్ళని పిలిచేటప్పుడు గుర్తు చేసుకోండి.

10. ఫోటోలు

వద్దు. వడ్డిస్తున్నట్టు, ఆకు తీస్తున్నట్టు, కాళ్ళు కడుగుతున్నట్టు ఒక్కటి కూడా వద్దు. ఇందులో భక్తి సంగతి పక్కనపెడితే ఇంకో కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళు వెనకబడిన తరగతుల్లో బీసీ-సి గ్రూపు కింద వస్తారు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే కుటుంబాలు డెల్టాలో ఎన్నో ఉన్నాయి. ఎవరో స్టేటస్‌లో పెట్టిన ఫోటో వల్ల ఇంకెవరి పిల్లాడికో సర్టిఫికెట్ దగ్గర చిక్కు రాకూడదు.

11. పిలిచే తీరు

అరవై ఏళ్ళ పాలేరుని ఇరవై ఏళ్ళ కుర్రాడు "ఒరేయ్" అంటాడు, ఆ కుర్రాణ్ణి ఆ పెద్దాయన "బాబుగారూ" అంటాడు. ఊళ్ళో ఇది మామూలు. సంఘంలోపల మాత్రం ఆ రాత్రి నుంచి అందరికీ గారు పెట్టాలి, గుడి ఊడ్చే ఆమెతో సహా. ఆమెని ఇంతవరకు పేరు పెట్టి కూడా పిలిచి ఉండరు, ముందు పేరు కనుక్కోండి. వరసలు కలిపి పిన్నీ, బాబాయ్, అక్కా అంటే ఇంకా మంచిది. చుట్టరికం కలిపాక ఒరేయ్ అనడం కష్టం.

పైవాళ్ళ బిరుదుల్ని కూడా కాస్త తగ్గించాలి. మీరందరూ సహోదరులు, రబ్బీ అని పిలిపించుకోకండి అని మత్తయి 23లో ఉంది. మన ఫ్లెక్సీల్లో మాత్రం రెవరెండ్ డాక్టర్లు ఏటేటా పెరుగుతున్నారు. ఆ డాక్టరేట్లు ఎక్కడివో అడిగితే గొడవలొస్తాయి కాబట్టి ఈ విందు ఫ్లెక్సీలో పేర్లే వేయకుండా తేదీ, వేళ, చోటు వేసి ఊరుకోండి.

12. వచ్చే ఏడాది కమిటీ

దీన్ని వదిలేస్తే పైన చెప్పిందంతా ఒక్క రాత్రి దయ కింద మిగిలిపోతుంది. పిలిచేవాళ్ళు ఎప్పుడూ వీళ్ళే, తినేవాళ్ళు ఎప్పుడూ వాళ్ళే అయితే ఏమీ తారుమారు కాలేదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గొడవ వచ్చింది. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్ళని అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారని. అపొస్తలులు ఏడుగుర్ని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరు ఫిర్యాదు చేశారో వాళ్ళవైపు మనుషుల చేతికే వడ్డన అప్పగించినట్టు కనపడుతోంది.

మనమూ అదే చేయాలి. వచ్చే ఏడాది విందు కమిటీలో సగం మంది ఈ ఏడాది మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళు ఉండాలి, పక్క పేటవాళ్ళతో సహా. ఎవరిని పిలవాలో, ఏం వండాలో, ఎంత ఖర్చుపెట్టాలో వాళ్ళు చెబుతారు. చదువు రాదు, లెక్కలు రావు అంటారు. లెక్క రాయడానికి ఇంటర్ చదివే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి, నిర్ణయం మాత్రం వాళ్ళదే. మొదటిసారి బియ్యం ఎక్కువవుతాయి, లేదా సాంబారు చాలదు. పాత కమిటీకి కూడా ఇవన్నీ జరిగినవే. గిన్నెలు తోమి, అద్దె సామాను లెక్కపెట్టి అప్పగించాక, ఆ రాత్రే పెట్టె తాళం, ఖాతా పుస్తకం, గుండిగల అద్దె షాపు ఫోన్ నంబరు కొత్తవాళ్ళకి ఇచ్చేయండి. తర్వాత కొత్తవాళ్ళు అడిగితేనే పాతవాళ్ళు సలహా చెప్పాలి.